కిట్టు దొరకని ఓడ

నౌకాదళంలో వంద మంది ఉన్న ఓడలో తిరిగి, రిటైరయ్యాక సొంతూరు నర్మెట్ట చేరిన సుదర్శన్ వరండాలో అట్టముక్కలతో ఆ ఓడ నమూనా కడుతున్నాడు. భార్య రుక్మిణి వచ్చి పక్కన కూర్చుంది.

"గీ ఓడ బొమ్మ ముక్కలన్నీ ఒక్క డబ్బాలొచ్చే కిట్టు కొందామంటే దొరకదా?"

"దొరకదు. పేరున్న యుద్ధనౌకలకే కిట్లు చేస్తరు. మాది సముద్రంల బాంబులు ఏరే చిన్న ఓడ. పదేండ్ల సంది కంపెనీలకు మెయిళ్లు పెడ్తున్న, ఒక్కడన్న జవాబియ్యలే."

"అందుకని బిడ్డ పెండ్లి కార్డులు కోస్తున్నవా?"

"పంచంగ మిగిలినయే. అట్ట మంచి మందమున్నది."

"ఈ ఓడల నువ్వు పండుకునేది ఎక్కడ?"

"గిక్కడ, అడుగు అంతస్తుల."

"కిటికీ ఏది?"

"నీళ్ల కింద కిటికీ ఎట్లుంటది?"

"మరి పెండ్లయిన కొత్తల, రోజూ కిటికీలకెళ్లి చందమామను చూస్తే నేనే యాదికొస్తున్నా అని ఉత్తరంల రాస్తివి గద."

అతను ఇంకో కార్డు అందుకున్నాడు.

"జర ఆగు, ఒక కిటికీ పెడ్త."

"వద్దు. ఉన్నది ఉన్నట్లే కట్టు. ఆ ఉత్తరం ఎవలు రాసిచ్చిండ్రో చెప్పు."

"మా ఓడల వంటాయన. ఆయన పై అంతస్తుల, కిటికీ పక్కన పండుకునేటోడు."

రుక్మిణి కళ్లజోడు సర్దుకుని ఓడ మీదికి వంగింది.

"అయితే ఆయన కిటికీ మంచిగ కనవడేటట్టు పెట్టు."