బాగున్నచోట కూడా వెతికిన వైద్యులు

1991 జూలై 15వ తేదీన మన ఆసుపత్రి పేగుల విభాగంలో జూనియర్ వైద్యులుగా చేరి, అంచెలంచెలుగా విభాగాధిపతి స్థానాన్ని అలంకరించిన మా సహోద్యోగి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారు పంపిన పేగు ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించే భాగ్యం, దానితోపాటు కొంత విసుగు, ఇన్నేళ్లూ నాకు దక్కాయి.

విసుగెందుకంటారా? గొట్టపు కెమెరాతో పేగు లోపల చూసేటప్పుడు అందరూ పుండున్నచోట ముక్క తీస్తారు. వారు నిక్షేపంగా ఉన్నచోట కూడా తీసి, వేరువేరు సీసాల్లో పంపేవారు. మా సిబ్బంది వారికి ‘ముక్కల మాస్టారు’ అని పేరు పెట్టారు. అది వారి చెవిన పడింది గాని, సీసాలు తగ్గలేదు.

వారు విభాగాధిపతి అయిన ఏడాది మా టైపిస్టుగారి అమ్మాయికి కడుపునొప్పి, విరేచనాలు, జ్వరం పట్టుకున్నాయి. చిన్నపేగు చివర నోటిపూత వంటి చిన్న పుండ్లు కనిపించాయి. అది పేగు క్షయ కావచ్చు, ఒంటి రక్షణ శక్తే పేగు మీద తిరగబడే క్రోన్స్ వ్యాధి తొలిదశ కావచ్చు. మొదట్లో రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. క్రోన్స్‌కిచ్చే స్టెరాయిడ్ క్షయరోగికి పడితే ప్రాణం మీదికి వస్తుంది. క్షయ మందులతో కాలక్షేపం చేస్తే క్రోన్స్ పేగును ఇరుకు చేసి, కత్తిదాకా తెస్తుంది.

“ఏదో ఒకటి మొదలుపెట్టండి సార్, పిల్ల కళ్లముందే కరిగిపోతోంది” అంటూ ఆ తల్లి మా గుమ్మంలోనే కూలబడింది.

“రిపోర్టు రానివ్వమ్మా. గుడ్డిగా మందేస్తే తర్వాత చెయ్యడానికి ఏమీ ఉండదు” అన్నారు వారు. గొంతు నిబ్బరంగానే ఉంది, ముఖం మాత్రం పాలిపోయింది. నాకూ భయం వేసింది.

పుండ్ల ముక్కల్లో వాపు తప్ప ఏమీ తేలలేదు. క్షయ క్రిములు దొరకలేదు. దొరకనంత మాత్రాన లేవని కాదు. అమ్మాయి నానాటికీ నీరసించిపోతోంది. చివరికి పుండ్లకు ఎంతో దూరాన, బాగానే ఉందనుకున్న పెద్దపేగు ముక్కలో, కణాల చిన్న ముడి ఒకటి నా కంటబడింది. క్షయ ముడులు సాధారణంగా పెద్దవిగా, పుండ్లను అంటిపెట్టుకుని ఉంటాయి. ఇలా మంచిచోట ఒంటరిగా నక్కేది ఎక్కువగా క్రోన్సే. కబురందగానే వారు పరుగున వచ్చి చూశారు, మళ్లీ చూశారు.

“ఇదే. ఇవాళే మందు మొదలెడదాం” అన్నారు.

పేగు కోయవలసిన అవసరం రాలేదు. జబ్బు పోలేదు, అదుపులో ఉంది. మొన్న పరీక్షకు వచ్చిన ఆ అమ్మాయి విరమణ సంగతి విని నిలదీసింది: “నా జబ్బుకి రిటైర్మెంటు లేదుగా సార్, మీకెందుకు?”

వారు మందుచీటీ వెనక తమ ఇంటి ఫోను నంబరు రాసిచ్చారు.

అయ్యా, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలి. ఆ అమ్మాయి ఎప్పుడు ఫోను చేసినా మీరే పలకాలి.