ఎండ దాచుకునే దీపం

మళ్లీ పెళ్లి చేసుకోబోతున్న ఆమె, చనిపోయిన భర్త గుడారం సామాను ఇచ్చేసి వెళ్దామని మామగారింటికి వచ్చింది.

“సోలార్ దీపం, దానికి తగిలిస్తే వేడెక్కే దుప్పటి, అన్నీ ఉన్నాయి మామయ్యా.”

“కొత్తాయనకి కొండలూ గుడారాలూ పడవా?”

“చలంటే ఆమడ దూరం పరిగెడతారు.”

“సరే, వీటితో కొండలకి నేనే వెళ్తాను.”

“ఒక్కరేనా?”

“వాడూ ఎన్నోసార్లు ఒక్కడే వెళ్లాడుగా.”

“ఆయన కోసం ఇంట్లో మనమిద్దరం ఎదురుచూసేవాళ్లం మామయ్యా.”

ఆమె మాట మార్చడానికి దీపం చేతిలోకి తీసుకుంది.

“పగలంతా ఈ పలకని ఎండలో పెట్టాలి. చీకటి పడ్డాక ఈ మీట నొక్కాలి.”

“తెలుసమ్మా, వాడు నేర్పాడు.”

“అయితే నే బయల్దేరనా?”

“ఇంకోసారి చెప్పు తల్లీ. ముసలాణ్ణి, మర్చిపోతాను.”

ఆమె తొడుక్కున్న చెప్పులు మళ్లీ విడిచి, మొదటినుంచీ చెప్పసాగింది.