గాలి మీద నిలబడ్డ మనిషి

"ఇవాళ కూడా బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడే వచ్చాను," అన్నాడు రంగుల బాబాయి, టీ గ్లాసు అందుకుంటూ.

అడిగినవాళ్లెవరూ లేరు. కానీ మేస్త్రీ అప్పుడే వచ్చి కూర్చున్నాడు. మూడంతస్తుల మేడ పైగోడకు ఎవరెక్కాలో, కింద గేటుకు రంగు ఎవరు వేయాలో టీ తాగేలోపు చెప్పేస్తాడు. గేటు పని కాళ్లలో సత్తువ పోయినవాళ్లదని ఇన్నేళ్లూ అందరినీ ఎగతాళి చేసింది బాబాయే. ఇవాళ ఆ గేటు తన నెత్తినే పడుతుందేమోనని లోపల బెంగగా ఉంది.

"కమ్మీ వదిలేసి ఏం పట్టుకున్నావు, పక్కవాడి జేబా?" అంది టీ కొట్టు అక్క.

"నవ్వు తల్లీ, నవ్వు. ఆ విద్య నాకు నేర్పిన మనిషి వేరే ఉంది. పోయిన నెల బస్సులో చూశాను, ఎవరో ఏమో, మళ్లీ కనబడలేదు. ఇసుక వేస్తే రాలనంత జనం. బస్సు గుంతల్లో పడి లేస్తోంది, అందరూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆవిడ మాత్రం నడిమధ్య నిలబడి చొక్కాకి గుండీ కుడుతోంది! రెండు చేతులూ ఆ పనిలోనే. 'ఎలాగమ్మా?' అన్నాను. 'బస్సుతో పోట్లాడకు బాబాయ్, అది ఎటు ఊగితే నువ్వూ అటే ఊగు' అనేసి దిగిపోయింది. బుర్రలో దీపం వెలిగినట్టయింది నాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు," అన్నాడు మేస్త్రీ, టీ ఊదుకుంటూ.

"మర్నాడు నిచ్చెన చివరి మెట్టు మీద చేతులు వదిలేశాను. కుడిచేత్తో బ్రష్షు, ఎడమచేత్తో సిగరెట్టు."

"మానేశానన్నావుగా?" అంది అక్క.

"అందుకే వెలిగించలేదు. విను. ఇంతలో గాలి లేచింది. డబ్బా మూతలు పిచ్చుకల్లా ఎగిరిపోతున్నాయి. నిచ్చెన ఎటు ఊగితే అటే ఊగాను. ఊగి ఊగి అది అలిసిపోయి కింద పడుకుంది. నేను పడలేదు. ఎందుకు పడతాను? నిచ్చెనతో ఊగినవాణ్ణి గాలితో ఊగలేనా? గాలి మీదే నిలబడి గోడంతా పూర్తి చేశాను. గాలి పక్కకి తిరిగింది, నేనూ తిరిగి పక్కింటి గోడ కూడా లాగించేశాను. ఆ ఇంటాయన కిటికీ తెరిచి 'మేం రంగు వేయించుకోవడం లేదండీ' అంటాడు! 'గాలినడుగు' అన్నాను. మబ్బొకటి అడ్డొస్తే దానికీ ఒక పూత వేశాను. ఆ సాయంత్రం ఊరంతా నీలం వాన."

"నీలం వానా? మచ్చలు పడలేదా?"

బల్ల చివరినుంచి వచ్చిందా మాట. గోడలు నున్నగా గీకే గరుకన్న. గరుకు కాగితం చేతిలో లేకపోయినా మనుషుల్ని గీకుతాడని ఆ పేరు పెట్టింది బాబాయే. ఎప్పుడో బాబాయి వేసిన నీలం రంగు మచ్చలుగా ఉందని నలుగురిలో అన్నాడు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో ఒక మనిషి ఉండాల్సిందే.

"మేస్త్రీ, మచ్చలు చూసేవాళ్లకి మచ్చలే కనబడతాయని ఆయనకి చెప్పు," అన్నాడు బాబాయి.

"గాలి మీంచి దిగిందెలాగో ఆయన్నడుగు మేస్త్రీ," అన్నాడు గరుకన్న.

ఊరంతటి మీద వాన కురిపించిన మనిషికి దిగే దారి తోచలేదు.

"నేను చెబుతాను," అన్నాడు గరుకన్న మెల్లగా. "నిన్న ఈయన నిచ్చెన మీంచే దిగలేకపోయాడు. సగంలో కళ్లు మూసుకుని కరుచుకుపోయాడు. నిచ్చెన గట్టిగా పట్టుకుని, ఎడమ కాలు దించు, ఇప్పుడు కుడి కాలు, అని ఒక్కో మెట్టూ చెప్పి దించాను. మధ్యలో మనిషి లేడు కాబట్టి నేనే మాట్లాడాల్సొచ్చింది."

అక్క గిన్నె తోముతున్నట్టు అటు తిరిగింది.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "బాబాయ్, గేటు నీది."

బాబాయి లేచాడు. బ్రష్షు తీసుకుని, దులిపి, చొక్కా సర్దుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"మేస్త్రీ, ఆయనకి ఒక మాట చెప్పు. నిన్న ఆయన పట్టుకున్నది నిచ్చెననే. నన్ను కాదు."