బోల్తా పందెంలో కామీ

ఏమన్నావ్, ఆడవాళ్ళ పడవకి ఈ ఏడు చుక్కాని నీ చేతికిచ్చారా? కూర్చో అయితే. ఆ కాకరకాయల గింజలు తీస్తూనే విను.

అరిచి తెడ్లు వేయించేంత గొంతు నీకు లేదని భయమా. గొంతుదేముందే, మా పడవలో అది మాచూకి ఉండేది. వాడు దగ్గితే అవతలి పేటలో కోళ్ళు లేచేవి. చుక్కాని వాడికే అనుకున్నాం అందరం. పెద్దలేమో కామీకిచ్చారు. వలలు బాగుచేసే కామీ, నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. నలుగురిలో మాట్లాడమంటే చెవులు ఎర్రబడేవి. "వీడు 'ఎడమ' అనేలోపు పడవ చైనా చేరుద్ది" అన్నాడు మాచూ, మొహమ్మీదే. కామీ కూడా మాతోపాటే నవ్వాడు.

అప్పటికి మన పేట గెలిచి గుడి మెట్లెక్కి ఏళ్ళయింది. ఏటా పడమటి పేటవాళ్ళెక్కడం, మేం కింద నిలబడి వాళ్ళ డప్పులు వినడం. బోల్తా పందెం సంగతి తెలుసుగా, సగం దూరం పోయాక పడవని మనమే తిరగేసి, మళ్ళీ లేపి, నీళ్ళు తోడుకుని పోవాలి. కామీ ఏం చేశాడూ, తెడ్లు వేయించడం మానేసి రోజూ మమ్మల్ని ముంచేవాడు. మా అమ్మ, "గెలిపిస్తాడా, ఊరగాయ పెడతాడా మిమ్మల్ని?" అనేది. మాచూకి ఒళ్ళు మండింది. "తోడుతూ కూర్చుంటే పందెం అయిపోద్ది. సగం నీళ్ళున్నా లాగేయొచ్చు" అన్నాడు.

"అయితే ఇవాళ చుక్కాని నువ్వు పట్టు, మాచూ అన్నా" అని, తను పోయి మాచూ చోట కూర్చున్నాడు కామీ. మాచూ అరిచాడు, మేం సగం నీళ్ళతోనే లాగాం. ఒక్క అల, లోపలి నీళ్ళన్నీ ఓ పక్కకొచ్చి బుడుంగుమన్నాం. ఒడ్డున మన పేట పెద్దాయన చేతికర్ర ఊపుతూ "ఎవడ్రా ముంచింది?" అన్నాడు. "నేనే" అన్నాడు కామీ. మర్నాడు కూడా ఆ మాట ఎత్తలేదు. మాచూ తనంతట తనే వచ్చి, నీళ్ళు తోడే డొప్ప పట్టుకుని కూర్చున్నాడు.

ఇక పండగ రోజు. తిరగేశాం, లేపాం, ఎక్కాం. పడమటి పేటవాళ్ళు అప్పుడే సగం నీళ్ళతో లాగేస్తున్నారు. ఒడ్డంతా గోల. మా చేతులేమో తెడ్ల మీదకి పోతున్నాయి. "ఇంకా" అన్నాడు కామీ, కొసరి వడ్డించమన్నట్టు మెల్లిగా. వాళ్ళు మరింత దూరం. "ఇంకా." అందరం మాచూ వంక చూశాం. వాడు తల ఎత్తకుండా తోడుతూనే, "వినపడట్లా? ఇంకా అంటున్నాడు" అని గద్దించాడు. ఆ గొంతుకి అప్పుడు దొరికింది పని.

అడుగు చెక్క కనపడ్డాక "ఊఁ, ఇప్పుడు" అన్నాడు కామీ. ఆకు లేచినట్టు లేచింది పడవ. మలుపు దగ్గర అల తగిలి వాళ్ళది కూలబడింది, మేం పక్కనుంచే దూసుకుపోయాం. డప్పులన్నీ మనవే. మా అమ్మ మోకాలి లోతు నీళ్ళలోకొచ్చి తలగుడ్డ ఊపుతూ ఆడింది, పెద్దాయన కర్ర ఎక్కడో పారేశాడు.

గుడి దగ్గర ముందు నువ్వెక్కమని మాచూని తోశాడు కామీ. మాచూ ఎక్కితేనా? కామీని ఎత్తి భుజాన కూర్చోబెట్టుకుని, "దించన్నా, సిగ్గేస్తోంది" అంటున్నా వినకుండా, పడమటి పేట మొత్తం చూస్తుండగా ఒక్కో మెట్టూ ఎక్కాడు. వెనకాల మేం, మా ఒంటి మీంచి నీళ్ళు కారి మెట్లన్నీ...

గాలి దక్షిణానికి తిరిగినట్టుంది, కళ్ళల్లో కొడుతోంది. ఆ కిటికీ వెయ్యి తల్లీ.