లెక్కల చేరని పదో బిడ్డ

“అమ్మమ్మా, ఆ ఆఫ్రికా అక్కచెల్లెండ్ల కథ చెప్పవా? ఫోన్ల రికార్డు పెట్టిన.”

పెట్టినవా? జర దగ్గరికి జరుపు మరి. నేను బడి మొఖం చూడలేదు బుజ్జీ, నీకెరికే గదా. చర్చిల విని విని వచనాలు నోటికొచ్చినయి. అదే వచనం బైబిల్ల ఏడున్నదో వెతికి, వేలు వెట్టి, ఒక్కో అక్షరం గుర్తువట్టిన. ఇగ అప్పటిసంది ఏది దొరికితే అది చదువుడే. హన్మకొండల పాత పుస్తకాల బండి మీద దొరికింది ఆ కథల పుస్తకం, అట్ట గూడ లేదు.

పరకాల దిక్కు పత్తి ఏరవోయేది మేము. ఏరుకుంట నేనే కథ చెప్పాలె, లేకుంటే తోటి ఆడోళ్లకు పొద్దువోదు. ఆ దినం కెన్యా దేశం కథ ఎత్తుకున్న. అక్కడ కికుయు అనే జనం ఉన్నరు, వాళ్లందరికి మూలపుటమ్మ ముంబి.

“ముంబి అంటే మన ముంబైనా వదినా?” అన్నది పక్క సాలుల ఏరే ఎల్లమ్మ.

“నీ మొఖం! చేతులాడియ్యి,” అన్న.

ముంబికి అందరు ఆడపిల్లలే. ఏడ్వలే ఆమె. పెండ్లికి తొమ్మిది మంది పిలగాండ్లొస్తే ఒకటే షరతు: మా బిడ్డలు మీ ఇంటికి రారు, మీరే మా ఇంటికి రావాలె. తొమ్మిది ఇల్లరికాలు! వంశాల పేర్లు గూడ బిడ్డలవే. గా మాటకు ఆడోళ్లంత నడుములు లేపి నవ్విన్రు. ఎవల పేరు వాళ్లే ఇంటిపేరు చేసుకోని ఒకలనొకలు పిలుచుకున్నరు.

“నిజానికి బిడ్డలు పదిమంది,” అని చెప్పిన. “కాని ‘నిండ తొమ్మిది’ అంటరు. పిల్లల్ని సరిగ్గ లెక్కవెడితే మంచిది గాదట.”

“అచ్చం మన లెక్కనే!” అన్నరు వాళ్లు.

“ఇంకో మాట గూడ ఉన్నది. పదో పిల్ల పెండ్లి గాకుండనే తల్లయింది, అందుకే లెక్కల చేర్చలేదంటరు.”

అన్ననా, గా మాట నాకే తగిలింది. ఇది నీకెప్పుడు చెప్పలే. అప్పటికి ఏడాదిసంది ఎవలడిగినా నాకు ఇద్దరు బిడ్డలనే చెప్తాన. మూడోది మీ అమ్మ, కరుణ. పెండ్లి గాకముందే నువ్వు కడుపుల వడ్డవు. పరకాలల అర్ర కిరాయికి దీసుకోని, నిన్ను ఒళ్లె వెట్టుకోని, మిషన్ కుట్టుకుంట బతుకుతాంది. నోటితోని ఊరందర్ని దడిపించేదాన్ని, ఆ ఒక్క పేరు తియ్యనీకి భయపడ్డ.

ఎల్లమ్మ తలెత్తకుండనే అడిగింది: “ఆ పిల్లను కన్నతల్లి గూడ లెక్కవెట్టలేదా వదినా?”

పుస్తకంల ఆ ముచ్చట లేదు. నేనే చెప్పిన.

“వెట్టింది. ముంబికి పదిమంది. నాకు ముగ్గురు. చిన్నదాని పేరు కరుణ, దానికో బిడ్డ ఉన్నది.”

ఎల్లమ్మ నా ఒడిలున్న పత్తి గుంజుకోని, “గిప్పటికి అన్నవా! నీ సాలు నేను ఏరుత, నువ్వు పో,” అన్నది.

పోయిన. మీ అమ్మ తలుపు దీసింది. నిన్ను తెచ్చి నా చేతులల్ల వెట్టింది. ఆ ఆదివారం చర్చిల మొదటి చాప మీద కూసున్నం ముగ్గురం. పాస్టరమ్మ వంగి, మెల్లగ, “ఎవల పాప?” అన్నది. “నా కరుణ బిడ్డ,” అన్న, వెనక గోడదాక వినవడేటట్టు.

ఇగ చాలు... సల్లగుండు బిడ్డా. నా నోరే వచ్చింది నీకు, మంచిదే. చెప్పాల్సిన మాట ఉంటే మాత్రం నా లెక్క ఏడాది ఆగకు.