టైపిస్టు అత్తగారి ఇంగ్లీషు

హలో… ఆఁ, నేనేనే, అక్కని. గట్టిగా మాట్లాడలేను, వంటింట్లో తలుపు చాటున ఉన్నా…

నాకేం, గుండ్రాయిలా ఉన్నా. కోడలే… పెట్టె సర్దుకుంటోంది.

అవునే, పుట్టింటికి. గది తలుపేసుకుంది. జిప్పు చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది…

గొడవా? గొడవ పడాలన్నా ఓ భాష ఉండాలి కదే. దానికి తెలుగు రాదు, దాని భాష నాకు రాదు. మధ్యలో మిగిలింది ఇంగ్లీషే. మావాడుంటే అటూ ఇటూ సర్దిచెప్పేవాడు… వాడా, డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తట్లేదు.

చెప్తా, ఆగు. రాత్రంతా జ్వరం ఆ పిల్లకి. పొద్దున్నే లేచి గిన్నెలు తోముతానని వచ్చేసింది పిచ్చిది. మొహం పీక్కుపోయి ఉంది. నువ్వెళ్ళి పడుకో తల్లీ, నేను చూసుకుంటాగా, అందామనుకున్నా…

ఏమన్నానా… నవ్వకూడదు మరి.

'యువర్ ప్రెజెన్స్ ఈజ్ నాట్ రిక్వైర్డ్.'

…

నవ్వొద్దన్నానా.

ఏం చేయనే, ముప్పై ఏళ్ళు ఆఫీసు ఉత్తరాలు టైపు కొట్టి కొట్టి వచ్చిన ఇంగ్లీషు. నోరు తెరిస్తే అదే వస్తుంది… ఆఁ, మొన్న పాలు విరిగినప్పుడూ అంతే. 'ఐ రిగ్రెట్ టు ఇన్ఫామ్ యూ' అని మొదలెట్టా. ఎవరో పోయారనుకుని పాపం కుర్చీలో కూలబడింది…

అదేంటే, పొద్దున నేనన్నదాంట్లో ఒక్క తప్పైనా ఉందా? నువ్వు టీచరువి, నువ్వే చెప్పు…

మాట తప్పు కాదు, అనే చోటు తప్పంటావా?… పనిలోంచి తీసేసేవాళ్ళకి రాసే మాటా? ఖర్మ. నిజమేనే, అలాంటివి నా చేత్తో నేనే ఎన్ని కొట్టానో.

మరి ఏమనాల్సింది?… 'గో, రెస్ట్'. అంతేనా? అంత పొట్టిగానా? మా ఉత్తరాల్లో ఏదీ రెండు మాటల్లో తేలేది కాదు.

సరే, ఇప్పుడేం చెప్పను? త్వరగా చెప్పు… 'డోంట్ గో'. డోంట్ గో… మొహం మీద కొట్టినట్టు లేదూ? ముందు 'కైండ్లీ' తగిలించనా?… సరే, సరే, తగిలించను. ఒట్టు.

భయంగా ఉందే. అది వెళ్ళిపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు. సాయంత్రం పక్కన కూర్చుని బట్టలు మడత పెడుతుంది చూడు… మాటలేమీ ఉండవు. అయినా ఇల్లంతా నిండుగా ఉంటుంది.

ఉష్… తలుపు తీసింది. పెట్టె చక్రాల చప్పుడు. హాల్లోకొచ్చేసింది… నువ్వు ఫోన్ పెట్టేయకు, వింటూ ఉండు, నాకు ధైర్యంగా ఉంటుంది.

అమ్మాయ్… వెయిట్.

యువర్… యువర్ ప్రెజెన్స్…

ఈజ్ రిక్వైర్డ్. వెరీ మచ్ రిక్వైర్డ్.

డోంట్ గో.

…

చెల్లీ… ఉన్నావా? లేదే, కావాలని కాదు, నువ్వు చెప్పింది మర్చిపోయా, నోటికి ముందు అదే వచ్చింది…

పెట్టె వదిలేసింది. నా మెడ పట్టుకుని వేలాడుతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో… రెండూనేమో. చెవిలో ఏదో అంటోంది, ఆగు…

'నోటెడ్, అత్తా' అంటోందే.

ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. ఉంటా మరి, ముందు దీన్ని పడుకోబెట్టాలి.