ఉత్తి బటన్

వార్డు బయట బెంచీ మీద అక్కా తమ్ముడూ కూర్చున్నారు. లోపల, పొద్దున ఆమె భర్త పోయిన మంచం మీద దుప్పటి మారుస్తున్నారు.

"మంచం పక్క స్క్రీన్ మీద నర్సును పిలిచే బటన్ ఉంటుందన్నావు కదరా. లేదు."

"ఉండాలక్కా."

"లేదంటున్నానా! ఇప్పుడే చూసొచ్చాను."

"ఆ స్క్రీన్లు నడిపే మా ప్రోగ్రాంలో ఫ్యాక్టరీ అని ఒక భాగం ఉంది, క్లాసు అంటాం. బటన్ కావాలంటే, ఆ స్క్రీన్ ఏ రకం మెషీనో చూసి, దానికి సరిపడే బటన్ తయారుచేసి ఇస్తుంది. రాసింది నేనే."

"మరి ఇక్కడేమైంది?"

"ఈ వార్డులోవి పాత మెషీన్లు. ఫ్యాక్టరీకి తెలీదు. తెలియని మెషీన్ వస్తే ప్రోగ్రాం ఆగిపోకూడదని, ఉత్తి బటన్ ఒకటి ఇచ్చేలా రాశాను. కనపడదు, నొక్కినా పలకదు."

"నాకు తెలీదని చెప్తే పోయేదానికి, ఉత్తిదెందుకురా ఇవ్వడం?"

"చెప్పుంటే ఆ రోజే పట్టుకునేవాళ్లం. ఒక్క ఎర్రర్ కూడా రాలేదని ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారక్కా."

ఆమె కొంగు మెలిపెట్టింది.

"పక్క మంచం ఆయన చెప్పాడు. ఊపిరాడక స్క్రీనంతా తడిమారట మీ బావ."

"అరవాల్సింది కదక్కా! నర్సు తలుపు పక్కనే కూర్చుంటుంది."

"నేను పిలవనా అన్నాడట ఆయన. మీ బావ వద్దని చెయ్యూపి, మళ్లీ వెతుక్కున్నారట. చేరిన రోజు నుంచీ వార్డులో అందరికీ చెప్పుకున్నారు మరి, ఈ స్క్రీన్ మా బావమరిది చేసిందని."